నూట ఎనిమిదో సూది

ముందు ఫోన్ చేయకుండా వచ్చేవాళ్లకు నేను తలుపు సగమే తీస్తాను. అది మా ఇంటి అలవాటు. మనిషిని గుమ్మంలో నిలబెట్టి, పేరూ పనీ కనుక్కుని, అప్పుడు లోపలికి పిలవడం. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున అలాగే సగం తలుపులో నిలబడి చూస్తే, ముప్పై ఏళ్ల కుర్రాడు ఒకడు చంకలో పెద్ద బట్టల సంచీతో నవ్వుతున్నాడు. తన పేరు కార్తీక్ అనీ, తమది అశోక్‌నగర్ అనీ, రాజేశ్వరమ్మగారి మనవణ్ననీ చెప్పాడు. ఆ పేరు వినగానే మిగిలిన సగం తలుపు కూడా తీశాను. కుర్చీలో కూర్చోకముందే సంచీలోంచి ఒక బొంత బయటికి లాగి నా బల్ల మీద పరిచాడు. పసుపు చీర ముక్కలు, ఆకుపచ్చ ముక్కలు, మధ్యలో వెలిసిపోయిన ఎరుపు. నాలుగు అంచుల్లో రెండు చిరిగిపోయాయి. పసిబిడ్డకు సరిపడే బొంత. దాన్ని నేను ఏ మూల నుంచి చూసినా గుర్తుపడతాను.

"మా ఆవిడకు అయిదో నెల ఆంటీ. నన్ను పడుకోబెట్టిన బొంత ఇదే. పుట్టబోయే బిడ్డకు కూడా ఇదే వెయ్యాలని మా అమ్మ పట్టు. షాపుల వాళ్లు మేం ముట్టం అంటున్నరు. మీరు బొంతలు కుడతారట కదా?" అని అడిగాడు.

నా వెన్ను దానంతట అదే నిటారైంది. "మేం కుట్టం, కూరుస్తాం" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్నో ఏళ్ల కిందటే చనిపోయిందనుకున్న మాట అది. ఆపుకున్నాను. బొంత ఇక్కడ పెట్టి వెళ్లమనీ, ఆలోచించి చెబుతాననీ అన్నాను. అతను వెళ్లిపోయాక చాలాసేపు దాని ముందు కూర్చుని ఉండిపోయాను.

ఆ మాట మా నాయనమ్మది. మాకు ఒకప్పుడు ఊళ్లో కోటలాంటి గడీ ఉండేది, నారాయణగూడలో రెండంతస్తుల ఇల్లు ఉండేది. రెండూ ఎలా పోయాయో చెప్పడం నాకిష్టం లేదు. పోయినవాటి గురించి పదిమందిలో చెప్పుకోకూడదని నాకు నేర్పినవాళ్లే వాటిని పోగొట్టారు. నాకు ఊహ తెలిసేసరికి చిక్కడపల్లిలో, మెయిన్ రోడ్డుకు రెండు సందుల లోపల, కిరాయికి తీసుకున్న మూడు గదుల పోర్షన్‌లో ఉన్నాం. బాపు, అంటే మా నాన్న, ఒక ఆఫీసులో గుమాస్తా. ఆ గుమాస్తా జీతానికి కూడా ఇస్త్రీ చేసిన చొక్కా మాత్రమే వేసుకుని వెళ్లేవాడు. ఇంట్లో సోఫా లేదు, కానీ అతిథి వస్తే మంచినీళ్లు వెండి గ్లాసులో ఇచ్చేవాళ్లం. ఒకే గ్లాసు మిగిలింది కాబట్టి ఇద్దరు అతిథులు కలిసి వస్తే అమ్మ పరేషాన్ అయిపోయేది.

నాయనమ్మ గోడకు వీపు ఆనించి కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. పీట మీద కూర్చుంటే పీట, కుర్చీలో కూర్చుంటే కుర్చీ అంచు. మధ్యాహ్నం భోజనం తర్వాత మాత్రం తలుపు దగ్గరగా వేసుకుని కాసేపు నడుం వాల్చేది. మిగిలిన రోజంతా ఆమె వెన్ను నిలువుగీత. "గోడకు ఆనేటోళ్లు గోడ కూలితే పడిపోతరు" అనేది. మేము నలుగురం గోడలున్న గదిలో గోడలకు దూరంగా కూర్చునేవాళ్లం. బయటివాళ్లు చూస్తే ఏదో గ్రూప్ ఫొటోకు కూర్చున్నారనుకునేవాళ్లు.

ఇక బొంతల సంగతి. గడీలో దసరాకు ముందు పాత చీరలన్నీ తీసి, పనివాళ్ల చేత బొంతలు కుట్టించే పని నాయనమ్మది. ఏ ముక్క పక్కన ఏ ముక్క ఉండాలి, పైన ఏ చీర, నడుమ ఎన్ని పాత ధోవతులు, అడుగున ఏ మెత్తని బట్ట, ఇదంతా ఆమె నిర్ణయించేది. చిక్కడపల్లికి వచ్చాక ఆ విద్యే మా ఇంటి వంటగదిని నడిపించింది. అశోక్‌నగర్, దోమల్‌గూడ, నారాయణగూడ ఇళ్లల్లో బిడ్డ పుట్టబోతోందంటే, ఆ ఇంటి పెద్ద ముత్తైదువ పాత చీరల మూట ఒకటి మా వెనకదారిన వచ్చేది. నిండుగా బతికిన ముసలమ్మల చీరలతో కూర్చిన బొంతలో పడుకుంటే పిల్లలకు ఆయుష్షు అని నమ్మకం. బొంత పూర్తయ్యాక తాంబూలం పళ్లెంలో మర్యాద పేరుతో డబ్బు పెట్టి బొంత పట్టుకెళ్లేవాళ్లు. దాన్ని కూలి అని ఎవరైనా అంటే నాయనమ్మ ఆ ఇంటి మూట మళ్లీ ముట్టేది కాదు. ఎవరైనా "బొంతలు కుడుతున్నరట?" అని అడిగితే ఆమె జవాబు సిద్ధంగా ఉండేది: "కుట్టుడు మా ఇంట లేదు. మేం కూరుస్తం."

అబద్ధం కాదు. ముక్కలు కత్తిరించి, ఒకదానికొకటి ఆనించి, గుండుసూదులు గుచ్చి నిలబెట్టేదాకా నాయనమ్మ పని. సూదీ దారం పట్టుకునేది ఎల్లమ్మ. పాలమూరు జిల్లా నుంచి మట్టిపనికి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉండేది. భర్త మేస్త్రీ దగ్గర పనిచేసేవాడు, ఆమె ఇటుకలు మోసేది. పని లేని రోజుల్లో, వానల్లో, మా ఇంటికి వచ్చేది. ముప్పై ఏళ్లుంటాయేమో అప్పటికి. ఆమె కుట్టు చీమల బారులా ఉండేది, ఎక్కడా ఒక చీమ తప్పిపోదు. చాప మీద బొంత, పీట మీద నాయనమ్మ, చాప దాటి ఉత్త గచ్చు మీద ఎల్లమ్మ. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు. అలా కూర్చునేవాళ్లు.

మామూలు గుండుసూదులు సుల్తాన్ బజార్‌లో కాగితం మీద వరసగా గుచ్చి అమ్మేవాళ్లు. వాటిని నాయనమ్మ గడప తొక్కనిచ్చేది కాదు. అవి ఇనుపవి, రెండు రోజులు బట్టలో ఉంటే తుప్పు చుక్క పడుతుంది, ఆ మరక చాకలికీ లొంగదు. మావి ఇత్తడి సూదులు. ఒక్కొక్కదాని తలకాయ మీద తెల్లని గాజు పూస. నాయనమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో, పట్టుచీర కుచ్చిళ్లు నిలబడడానికి, తాతగారు అబిడ్స్‌లో ఒక ఇంగ్లీషు దుకాణంలో కొన్నారట. చందనపు పెట్టెలో పన్నెండు వరసలు, వరసకు పన్నెండు. గడీతోపాటు కొన్ని పోయాయి, నారాయణగూడ ఇంటితోపాటు కొన్ని పోయాయి. ఒకరోజు లెక్క చూసుకుంటే నూట ఎనిమిది మిగిలాయి. "ఇగ చాలు. నూటెనిమిది శుభం. ఇంతకన్న తగ్గేది లేదు" అని నాయనమ్మ అక్కడ గీత గీసింది. మా ఇంట్లో తగ్గకుండా ఆగింది ఆ ఒక్కటే.

ఆ సూదులు గుచ్చే పద్ధతి నాకు అన్నం కలుపుకోవడం ఎంత బాగా తెలుసో అంత బాగా తెలుసు. రెండు ముక్కలు ఎదురెదురుగా పెట్టినప్పుడు సూది కుట్టు దారికి అడ్డంగా పడాలి, పూస బయటివైపుకు ఉండాలి. అప్పుడు కుట్టేవాళ్లు దగ్గరికి వచ్చేకొద్దీ ఒక్కొక్కటీ పూస పట్టుకుని లాగేయవచ్చు. ముక్కలన్నీ కలిశాక, పొరల మీద పొరలు పరిచి గుచ్చేటప్పుడు మాత్రం నడుమ నుంచి మొదలుపెట్టి అంచులకు రావాలి. అంచు నుంచి నడుమకు వస్తే గుడ్డ మధ్యలో ఉబ్బుతుంది, ఆ ఉబ్బు ఇక ఎక్కడికీ పోదు. బెత్తెడుకొక సూది. గుచ్చే ముందు ప్రతి సూదినీ నాయనమ్మ ఒకసారి తన తలలో ఇలా గీసుకునేది. ఆ పిసరంత కొబ్బరినూనెకు సూది మూడు పొరల్లోంచీ వెన్నలోకి దిగినట్టు దిగేది. అందుకే మేం కూర్చిన బొంతలన్నింటికీ కొత్తలో లీలగా కొబ్బరినూనె వాసన. కార్తీక్ తెచ్చిన బొంతను నేను మొదట ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు, సబ్బుపొడి వాసన తప్ప.

పని చేసేటప్పుడు ఆరేడు సూదులు పెదవుల మధ్య పెట్టుకునేది. ఆ సమయంలో నాయనమ్మ మాట్లాడలేకపోయేది. మా ఇంట్లో అందరికీ స్వాతంత్ర్యం అప్పుడే. అమ్మ ఈ నెల బియ్యం తగ్గాయని అప్పుడు చెప్పేది. బాపు తనకు మళ్లీ ప్రమోషన్ రాలేదని అప్పుడు చెప్పేవాడు. డిగ్రీ మొదటి ఏడాదిలో నేను ఇంగ్లీషులో తప్పానని చెప్పింది కూడా, లెక్కపెట్టి చూసుకుని, ఆమె పెదవుల మధ్య ఏడు పూసలు ఉన్నప్పుడే. కళ్లతో చంపేసింది. కానీ ఏడు సూదులూ గుచ్చి, నోరు ఖాళీ అయ్యేసరికి కోపం కూడా కొంత బొంతలోకి దిగిపోయేది. ఎల్లమ్మ ఇది కనిపెట్టింది. "దొర్సాని నోట్ల సూదులున్నయంటే కోర్టు బంద్ అన్నట్టు. జల్ది చెప్పుకోండ్రి ఎవరి మొర ఆల్లు" అని నవ్వేది. నాయనమ్మ నవ్వకూడదు, నవ్వితే సూదులు రాలతాయి. ముక్కుపుటాలు మాత్రం అదిరేవి.

మా ఇంటి నియమం ఒకటే. నూట ఎనిమిది పూసలూ పెట్టెలోకి వచ్చి కూర్చునేదాకా బొంత గడప దాటకూడదు. పసిబిడ్డ పడుకునే బట్ట. అందులో ఒక్క సూది ఉండిపోయినా ఏమవుతుందో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. నేను లెక్కపెట్టేదాన్ని, నాయనమ్మ వినేది.

రాజేశ్వరమ్మగారికి మొదటి మనవడు పుట్టినప్పుడు, ఆమె అత్తగారి చీరలు వచ్చాయి మాకు. పసుపు, ఆకుపచ్చ, ఒక ఎర్రంచుది. బుధవారం పొద్దున తొట్టెల, బిడ్డను ఊయలలో వేసే వేడుక. సోమవారం సాయంత్రం నాలుగింటికి వచ్చి బొంత తీసుకెళతానని ఆమె చెప్పింది. సోమవారం మిట్టమధ్యాహ్నానికి ఎల్లమ్మ ఆఖరి కుట్టు వేసి దారం తెంపింది. నేను పెట్టె ముందు కూర్చుని లెక్కపెట్టాను. నూట ఏడు.

"మళ్ల చూడు" అంది నాయనమ్మ. మళ్లీ నూట ఏడు. ఎల్లమ్మ లెక్కపెట్టింది, ఇరవైల చొప్పున, తన పద్ధతిలో. అయిదు ఇరవైలూ ఏడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి లెక్కపెట్టింది. సూదులు మా అందరికన్నా పట్టుదల గలవి. నూట ఏడు దగ్గరే ఆగాయి.

బొంతను దులిపాం. గచ్చు మీద చీపురు కాకుండా అరచేతులతో తడిమాం. ఆ రోజు ఏదో సెలవై ఇంట్లోనే ఉన్న బాపు పాత రేడియోలోంచి అయస్కాంతం ఊడదీసి తెచ్చి, శాస్త్రజ్ఞుడిలా బొంత మీద అంగుళం అంగుళం తిప్పడం మొదలుపెట్టాడు. పది నిమిషాలు చూసి నాయనమ్మ అంది: "కొడుకా, మనయి ఇనుప సూదులా?"

"కాదమ్మా, ఇత్తడివి."

"అయస్కాంతం ఇత్తడిని పడ్తదా?"

బాపు అయస్కాంతాన్ని జేబులో వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఎల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అందరం కలిసి బొంతను జానెడు జానెడు చొప్పున వేళ్ల మధ్య నలిపి చూశాం. అన్ని పొరల్లో సన్నని ఇత్తడి సూది చేతికి తగలకపోవచ్చు. ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. నాయనమ్మ ఆ మధ్యాహ్నం నడుం వాల్చలేదు. పీట మీద అలాగే, నిలువుగీతలా, బొంత వైపు చూస్తూ కూర్చుంది. సరిగ్గా నాలుగింటికి రాజేశ్వరమ్మగారు చెప్పుల చప్పుడుతో సహా వచ్చేసింది.

"పెద్దమ్మా, అయ్యిందా మా బుడ్డోడి బొంత?"

మా ఇంట్లో సూది తప్పిపోయిందని చెప్పడం నాయనమ్మ వల్ల అయ్యే పని కాదు. మాట పోయే ఇల్లు కాదు మాది. ఆమె కదలకుండా అంది: "అయింది బిడ్డా. కాని ఇయ్యాల మంగళారం. పసిపిల్లల బట్ట గడప దాటద్దు."

రాజేశ్వరమ్మగారు మా అందరి వైపూ చూసింది. "ఇయ్యాల సోమారం కదా పెద్దమ్మా?"

"మా ఇంట్ల సోమారం సుత దాటద్దు" అంది నాయనమ్మ, రెప్ప వేయకుండా.

"మరి రేపు?"

"రేపు మంగళారమే కద."

ఆమె వెండి గ్లాసులో మంచినీళ్లు తాగి, మా వంశాచారానికి దండం పెట్టి, బుధవారం తెల్లవారగానే వస్తానని వెళ్లిపోయింది. ఆమె మా ఆచారాన్ని ఎంత నమ్మిందంటే, కార్తీక్ మొన్న నాకు చెప్పాడు, తమ ఇంట్లో ఇప్పటికీ సోమ మంగళవారాల్లో పసిపిల్లల బట్టలు బయటికి ఇవ్వరట. ఎందుకో వాళ్లకు తెలియదు. పెద్దల మాట అంటారు.

ఆమె వెళ్లగానే నాయనమ్మ "ఇప్పు" అంది. మూడు వారాల పని. ఎల్లమ్మ బ్లేడు తీసుకుని తన చీమల బారులను తానే తెంపడం మొదలుపెట్టింది. అమ్మా నేనూ కూడా కూర్చున్నాం. పై పొర లేచింది, ధోవతులు లేచాయి, అడుగు చీర లేచింది. ముక్కల కుట్లు కూడా కొన్ని విప్పాం. దీపాలవేళ అయ్యేసరికి బొంత మళ్లీ పాత చీరల కుప్ప అయిపోయింది. సూది లేదు.

నేను ఆ తర్వాత చేసిన పనిని ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు. పందొమ్మిదేళ్ల పిల్లను, అలసిపోయాను, అనే సాకులు నాకు నచ్చవు. మా ఇంట్లో ఒక వస్తువు కనపడకపోతే ముందు ఎవరి వైపు చూడాలో మాకు తరతరాలుగా అలవాటు. గాజు పూస మెరుస్తుంది, ఎవరికైనా మనసు పడుతుంది అనుకున్నాను. ఎల్లమ్మ కొంగు చివర ముడి ఉంది. నేను దాన్ని చూస్తున్నానని ఆమెకు తెలిసింది.

"ఎల్లమ్మా, ఆ ముడి ఇప్పి చూపెట్టు" అన్నాను.

అమ్మ చేతిలో బ్లేడు ఆగిపోయింది. ఎల్లమ్మ నా వైపు చూడలేదు. ముడి పళ్లతో లాగి విప్పి, అరచేతిలో పరిచింది. రెండు వక్కలు, మడిచిన బస్సు టికెట్టు, వేలెడు పసుపు పట్టుముక్క. మేం కత్తిరించి పారేసిన పీలిక. "పారేసేదే కద అని పెట్టుకున్న. మా పిల్ల బొమ్మకు చీర గడ్తదని" అంది. ఆ ముక్కను తీసి చాప మీద పెట్టింది.

"వసుంధరా, లోపలికి పో" అంది నాయనమ్మ. గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

వంటగది కర్టెన్ వెనక నిలబడ్డాను. ఆ పట్టుపీలికను నాయనమ్మ స్వయంగా వంగి తీసి, ఎల్లమ్మ అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. ఏదో అనాలని చూసింది. మా ఇంట్లో ఆ మాటలు ఎవరికీ నేర్పలేదు, కాబట్టి రాలేదు. "లేపు నన్ను" అంది. మోకాళ్ల నొప్పులు, రోజూ ఆ వేళకు ఎల్లమ్మే పీట మీద నుంచి లేపేది. ఒక చెయ్యి చంక కింద, ఒక చెయ్యి భుజం వెనక. అలాగే వేసింది.

భుజం వెనక వేసిన చెయ్యి ఆగింది.

నాకు అక్కడి నుంచి నాయనమ్మ వీపు కనపడుతోంది. కొంగు కొంచెం జారింది. జాకెట్ భుజం దగ్గర కుట్టు బెత్తెడు ఊడిపోయి ఉంది, ఆ చిరుగు రెండు అంచులనూ కలిపి పట్టుకుని, పొద్దున జాకెట్ వేసుకునేముందు తొందరలో గుచ్చి మరిచిపోయిన సూది. తెల్ల పూస బయటికి, కుట్టుకు అడ్డంగా, మా పద్ధతి ప్రకారమే. ఇంకెవరైనా అయితే రోజంతా ఒక్కసారైనా గోడకో కుర్చీకో ఆనుకుని ఉండేవాళ్లు, గుచ్చుకుని "అబ్బా" అనేవాళ్లు, సూది అప్పుడే దొరికేది. నాయనమ్మ ఆనుకోదు. కాబట్టి గుచ్చుకోలేదు.

ఎల్లమ్మ కొంగు సర్దినట్టుగా సర్ది, రెండు వేళ్లతో సూదిని లాగింది. నాయనమ్మను నిలబెట్టింది. రెండడుగులు వేసి గడప దగ్గర వంగి, సందులో గోరుతో గీకినట్టు చేసి లేచింది. "ఇగో! దొరికింది దొర్సానీ! గడప సందుల ఇర్కింది దొంగముండ! పొద్దటి సంది మనల్నందర్ని ఆగం జేసె!" అని అరిచింది. అమ్మ పరుగెత్తింది, లోపలి నుంచి బాపు వచ్చాడు. నూట ఎనిమిది.

నాయనమ్మ ఒక్కతే పెట్టె వైపు చూడలేదు. చిరుగు విచ్చుకుని వీపుకు చల్లగాలి తగిలి ఉంటుంది. చెయ్యి మెల్లగా భుజం మీదుగా వెనక్కి పోయింది, కొంగు నిండా కప్పుకుంది. ఎల్లమ్మ వైపు చూసింది. ఎల్లమ్మ కుప్పలోంచి ధోవతులు మడతపెడుతోంది, ఏమీ ఎరగనట్టు, పాట కూడా సన్నగా తీస్తూ.

నాయనమ్మ గదిలోకి వెళ్లి వేరే జాకెట్ వేసుకుని వచ్చింది. చేతిలో చిరిగిన జాకెట్. మా ఇంట్లో చిరిగిన బట్టలు ఉండేవి కావు, అంటే ఉండేవి, ఎవరి కంటా పడేవి కావు. ఆమె దాన్ని బాపు ముందు, అమ్మ ముందు, కర్టెన్ వెనక నుంచి వచ్చిన నా ముందు, ఎల్లమ్మ ఒళ్లో పెట్టింది.

"ఎల్లమ్మా, ఇది కుట్టు" అంది.

ఎల్లమ్మ తలెత్తింది. "కుట్టాల్నా దొర్సానీ, కూర్చాల్నా?"

"కుట్టమన్న గదనే. చెవుడా?" అంది నాయనమ్మ. అని, తనే ముందు నవ్వింది. నోట్లో సూదులు లేకుండా ఆమె నవ్వడం నేను చూసిన కొద్దిసార్లలో అదొకటి. తర్వాత చాప మీద కూర్చుని, తన పక్కన అరచేత్తో తట్టింది. "గచ్చు మీదెందుకు, ఇట్ల పైకి జరుగు. ఈడ ఎల్తురు బాగుంది." సాయంత్రం ఆ గదిలో ఎక్కడా వెలుతురు లేదు.

మంగళవారం పొద్దున ఆరింటికే అందరం చాప మీద ఉన్నాం. మూడు వారాల పని ఒక్క రోజులో తేలాలి. నాయనమ్మ గుచ్చుతోంది, ఆమె వెనకే ఎల్లమ్మ, ఎల్లమ్మ వెనక అమ్మ, ఆఖరున నేను. మధ్యాహ్నం అయ్యేసరికి నాయనమ్మ కూడా సూదీ దారం పట్టింది. చాలా బాగా కుట్టింది. అంత బాగా వచ్చినది ఇన్నేళ్లు ఎలా దాచుకుందో మరి. బాపు ఆఫీసు నుంచి తొందరగా వచ్చి, పక్కన కూర్చుని అందరికీ దారాలు ఎక్కించి ఇచ్చాడు. డబుల్ డెక్కర్ బస్సు దూరంగా మెయిన్ రోడ్డు మీద వెళ్లినప్పుడల్లా పెట్టెలో పూసలు చిన్నగా గలగలలాడేవి. బుధవారం పొద్దున రాజేశ్వరమ్మగారు వచ్చేసరికి బొంత మడతపెట్టి పళ్లెంలో ఉంది, నూట ఎనిమిది పెట్టెలో ఉన్నాయి. "సోమారం ఇస్తే ఇంత మంచిగ ఉండకపోవు" అందామె, నిజం తెలియకుండానే నిజం చెబుతూ.

ఆ తర్వాత ఎవరైనా అడిగితే నాయనమ్మ "కుడతం" అనేదా అంటే, లేదు. మనుషులు అంత తొందరగా మారరు. "కూరుస్తం" అనేది, అని ఎల్లమ్మ వైపు ఓరగా చూసేది. నేను ఎల్లమ్మకు క్షమాపణ చెప్పానా అంటే, అదీ లేదు. రేపు చెబుదాం అనుకుంటూ ఉండగా నాకు పెళ్లయింది, నాయనమ్మ పోయింది, చిక్కడపల్లి పోర్షన్ ఉన్నచోట ఇప్పుడు అయిదంతస్తుల హాస్టల్. అశోక్‌నగర్ అంతా ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలతో నిండిపోయింది. ఆ పిల్లల మంచాల మీద ఆన్‌లైన్‌లో కొన్న దుప్పట్లు ఉంటాయి. బరువు లేనివి, వేడిగా ఉండేవి, రెండేళ్లకు పారేసేవి. వాటిని తప్పుపట్టను. ఒక్క బొంతకు నలుగురు మనుషులు మూడు వారాలు కావాలంటే ఇప్పుడు ఎక్కడ దొరుకుతారు? అప్పుడు కూడా, నిజానికి, గతిలేకే దొరికాం. కానీ దొరికాం.

కార్తీక్ వచ్చిన మూడోనాడు ఎల్లమ్మ నంబర్ సంపాదించి ఫోన్ చేశాను. ఇంకా కవాడిగూడలోనే, కొడుకు కట్టుకున్న రెండు గదుల ఇంట్లో ఉంది. ఆటో ఎక్కి తనే వచ్చింది, అరవై దాటిన మనిషి, నా సగం తలుపును తోసుకుని. సోఫాలో కూర్చోబెట్టాను. బొంత చూడగానే "ఓయమ్మ, ఇది సోమారం బొంత గద!" అంది. టీ తాగాక నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను: "ఎల్లమ్మా, ఆ రోజు నేను నీ కొంగు..."

"ఏ కొంగు బిడ్డా? అప్పటిసంది ఎన్ని చీరెలు చిరిగినయో" అంది. అని, బొంతలో పసుపు ముక్కను వేలితో తడుముతూ, "ఆ పట్టుముక్క బొమ్మకు మస్తు సక్కగ ఉండె. మా పిల్ల బడికి సుత కొంచవొయ్యింది" అంది. నేను చెప్పవలసింది అయినా చెప్పాను. మొత్తం, కర్టెన్ వెనక చూసింది కూడా. ఆమె విని, టీ కప్పు కింద పెట్టి, "ఎరికే. కర్టెన్ కింద నీ కాల్లు కనవడ్డయ్" అంది.

ఇద్దరం కింద చాప పరుచుకుని కూర్చున్నాం. ఆమె చూపు ఆనడం లేదు, కాబట్టి ఆమె వేలితో చూపించింది, నేను చేశాను. చిరిగిన అంచులు కత్తిరించి, నా పాత నేత చీర ఒకటి కోసి, ముక్కలు ఆనించి, నాయనమ్మ తర్వాత నాకు వచ్చిన ఆ చందనపు పెట్టెలోని సూదులే నడుమ నుంచి అంచులకు గుచ్చుకుంటూ వెళ్లాను. తలలో గీసుకున్నాను, షాంపూ జుట్టుకు సూది జారలేదు, లేచి కొబ్బరినూనె రాసుకుని వచ్చాను. అలా నాలుగు రోజులు. ఆఖరి కుట్టు వేశాక పెట్టె ముందు పెట్టుకుని లెక్కపెట్టాను. నూట ఏడు.

"మ్మ్" అని ఎల్లమ్మకు వేళ్లతో చూపించాను. ఆమె నా ముఖం వైపు ఒకసారి వంగి చూసి, ఎంతో గంభీరంగా అంది: "పరేషాన్ గాకు. ముందుగాల గోడకు ఆను. ఉంటే అదే చెప్తది."

నేను వెనక్కి జరిగాను. ఇంత వయసులో మొదటిసారి, నా ఇంట్లో, నా గోడకు వీపు పూర్తిగా ఆనించాను. ఏమీ గుచ్చుకోలేదు. గోడ చల్లగా ఉంది, వెన్నులో ఎక్కడో ఎన్నో ఏళ్లుగా బిగుసుకున్నది ఒకటి మెల్లగా వదులైంది. అలాగే కూర్చున్నాను. అప్పుడు ఎల్లమ్మ చేయి చాచి, నా పెదవుల మధ్య ఉన్న సూదిని పూస పట్టుకుని లాగి పెట్టెలో పెట్టింది. అది అక్కడుందని ఆమెకు ముందే తెలుసు.

నోరు ఖాళీ అయ్యాక కార్తీక్‌కు ఫోన్ చేశాను. "అయిందా ఆంటీ? ఎవరు కుట్టిన్రు?" అన్నాడు.

"మేమే కుట్టాం" అన్నాను. "వచ్చి తీసుకెళ్లు. ఇవాళ సోమవారమే, పరవాలేదు."